నిమరడం, పిసకడం, రుద్దడం: మర్దన ఒంట్లో ఏం చేస్తుంది?

మూడేళ్ళ క్రితం డిసెంబరులో ఒక శనివారం ఉదయం, బడిలో నాతోపాటు చదువుకున్న స్నేహితుడి కూతురు ఫోన్ చేసింది. రెండు రోజుల ముందే వాళ్ళ అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. హైదరాబాదు దాకా కారు, అక్కడినుంచి రెండు విమానాలు, మధ్యలో ఎదురుచూపులు, అన్నీ కలిపి ముప్ఫై గంటల పైచిలుకు ప్రయాణం. “అమ్మకి ఎడమ పిక్క పట్టేసింది అంకుల్. రాత్రినుంచీ సరిగ్గా నడవలేకపోతోంది. నువ్వులనూనె వెచ్చచేసి పెట్టాను. నేనే మర్దన చెయ్యనా, లేక ఎవరైనా మంచి మసాజ్ థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్ళమంటారా?” అని అడిగింది.

రెండు పిక్కలూ ఒకేలా ఉన్నాయేమో చూసి చెప్పమన్నాను. లేవంది. ఎడమది లావుగా ఉందనీ, ముట్టుకుంటే వెచ్చగా తగులుతోందనీ చెప్పింది. నూనెగిన్నె పక్కన పెట్టి, ఆ కాలిని ఎవరూ పిసకకుండా, వెంటనే ఆసుపత్రిలో ఎమర్జెన్సీకి తీసుకెళ్ళమన్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, “మర్దన మంచిదే కదా అంకుల్?” అంది.

అది న్యాయమైన ప్రశ్న. దానికి ఫోన్‌లో ఇవ్వలేకపోయిన జవాబును ఇక్కడ వివరంగా రాసే ప్రయత్నం చేస్తున్నాను.

మర్దన గురించి నన్ను అడిగేవాళ్ళు తక్కువేమీ కాదు. రోజంతా కంప్యూటరు ముందు కూర్చుని మెడ బిగుసుకుపోయినవాళ్ళు, వారాంతంలో బాడ్మింటన్ ఆడి సోమవారం మెట్లు దిగలేనివాళ్ళు, నలభై దాటాక మారథాన్‌కు సాధన మొదలుపెట్టినవాళ్ళు, అందరిదీ దాదాపు ఒకే ప్రశ్న: ఏ మసాజ్ మంచిది? స్వీడిష్షా, డీప్ టిష్యూనా, స్పోర్ట్స్ మసాజా, థాయ్ పద్ధతా? వాటి ప్రకటనల్లో కనిపించే హామీలు కూడా ఒకలాంటివే. కండరాల్లో పేరుకున్న లాక్టిక్ ఆమ్లాన్ని పిండేస్తామంటారు, విషపదార్థాలను బయటికి పంపేస్తామంటారు, ముడులు విప్పుతామంటారు.

మర్దన ఇచ్చే ఉపశమనం నిజమైనది. అయితే అందుకు సాధారణంగా చెప్పే కారణాల్లో చాలా వరకు నిజం కావు. కారణం ఏదైతేనేం, నొప్పి తగ్గితే చాలదా అనిపించవచ్చు. చాలదు. కండరంలోని మురికిని పిండి తీసేదే మర్దన అని నమ్మినవాడు ఎంత గట్టిగా పిండితే అంత మంచిదనుకుంటాడు, పిండకూడని చోట కూడా పిండుతాడు.

మన మాటలు, వాళ్ళ పేర్లు

ఈ పనికి తెలుగులో మాటలకు కొదవ లేదు. పండగపూట తలంటు, పెళ్ళిలో నలుగు, పసిబిడ్డకు కాళ్ళమీద పడుకోబెట్టి నూనె రాసి లాలపొయ్యడం, పొలంనుంచి వచ్చిన తాతకు ఒళ్ళు పట్టడం, ఇవన్నీ మన ఇళ్ళలో వైద్యమనే పేరు లేకుండానే సాగిన పనులు. సంస్కృత వైద్యగ్రంథాలు దీన్ని అభ్యంగమన్నాయి. చరకసంహిత సూత్రస్థానంలోని ఐదో అధ్యాయం రోజూ చేసుకోవలసిన పనుల్లో దీన్ని చేర్చింది. వాగ్భటుడి అష్టాంగహృదయం అభ్యంగం ఎవరికి పనికిరాదో కూడా చెప్పింది. కఫం పెరిగినవారికి, శోధన చికిత్స చేయించుకున్నవారికి, అజీర్ణంతో ఉన్నవారికి వద్దంది. ఆ కారణాలను నేటి వైద్యం ఒప్పుకోకపోవచ్చు. కానీ ఒక చికిత్సను చెప్పినచోటే అది కూడని సందర్భాలనూ చెప్పాలన్న ఆ పద్ధతి మాత్రం మంచి వైద్యుడి పద్ధతే.

తల రుద్దుకోవడానికి మనం వాడే ‘షాంపూ’ అన్న మాటకు మూలం కూడా మర్దనే. హిందీలో చాంప్నా అంటే నొక్కడం, పిసకడం. 1759లో పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసి, 1784లో ఐర్లండుకు వలసవెళ్ళాడు. తరవాత ఇంగ్లండులో సముద్రతీరపు ఊరైన బ్రైటన్‌లో ఆవిరిస్నానాలతో, మర్దనతో ఒక స్నానశాల నడిపాడు. 1822లో దాని గురించి పుస్తకం కూడా రాశాడు. నాలుగో జార్జి, నాలుగో విలియం రాజులకు ‘షాంపూయింగ్ సర్జన్’గా పేరు పొందాడు. ఆనాడు ఇంగ్లీషులో షాంపూ అంటే ఒళ్ళు పట్టడమే. ఆ మాట జుట్టు కడుక్కోవడానికి పరిమితమైంది ఆ తరవాతే.

ఈనాడు స్పాలలో ఎక్కువగా కనిపించే ‘స్వీడిష్ మసాజ్’ పేరు కూడా ఒక పొరపాటునుంచి పుట్టింది. స్వీడన్‌లో పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామశిక్షణ సంస్థను స్థాపించాడు. మసాజ్ కీర్తి అతనికి దక్కింది. కానీ మర్దనను విడివిడి కదలికలుగా వర్గీకరించి, వాటిని ఫ్రెంచి పేర్లతో వ్యాప్తిలోకి తెచ్చినవాడు డచ్చి వైద్యుడు యోహాన్ మెజ్గర్. ఎఫ్లూరాజ్, పెట్రిసాజ్, ఫ్రిక్షన్, టపోట్‌మాఁ, వైబ్రేషన్ అని ఐదు. ఈ పేర్లు గొప్పగా వినిపిస్తాయి గానీ, తెలుగులో చెప్పుకుంటే నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం, అదిరించడం. మన బామ్మలకు ఐదూ వచ్చు.

పందొమ్మిదో శతాబ్దం చివరికి లండన్‌లో మసాజ్ పేరు చెడింది. ఆ ముసుగులో నడిచే వేరే వ్యాపారాల గురించి 1894లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ తీవ్రంగా రాసింది. తమ వృత్తి గౌరవం కాపాడుకోవడానికి అదే ఏడాది నర్సులూ మంత్రసానులూ అయిన నలుగురు మహిళలు ఒక సంఘం పెట్టుకున్నారు. శిక్షణకు, పరీక్షలకు నియమాలు ఏర్పరచారు. ఆ సంఘానికే 1920లో రాజశాసనం లభించింది. బ్రిటన్‌లో ఫిజియోథెరపిస్టులకు నేడు ప్రాతినిధ్యం వహించే చార్టర్డ్ సొసైటీ దాని వారసురాలే.

లాక్టిక్ ఆమ్లం మీద మోపిన నేరం

ఇక ఒంట్లోకి వెళదాం. మర్దన గురించిన అపోహల్లో మొదటిది లాక్టిక్ ఆమ్లం.

కప్ప కాలి కండరాలమీద ప్రయోగాలు చేసిన కాలంలో, అలసిన కండరంలో లాక్టిక్ ఆమ్లం పెరగడం శాస్త్రజ్ఞులు గమనించారు. కండరంలో వేడి ఎలా పుడుతుందో చూపిన ఆర్చిబాల్డ్ హిల్‌కూ, ఆమ్లజని వినియోగానికీ లాక్టిక్ ఆమ్లానికీ ఉన్న సంబంధాన్ని తేల్చిన ఓటో మేయర్‌హాఫ్‌కూ 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి పంచి ఇచ్చారు. ఆ పరిశోధనలు గట్టివే. కానీ వాటిని పట్టుకుని, అలసటకూ నొప్పికీ కారణం ఆ ఆమ్లమేననీ, అది కండరంలో మిగిలిపోయే చెత్త అనీ జనంలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది.

నిజానికి అది చెత్త కాదు, ఇంధనం. కష్టపడుతున్న కండరం విడుదల చేసిన లాక్టేట్‌ను గుండె, మెదడు, ఇతర కండరాలు వాడుకుంటాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జార్జి బ్రూక్స్ 1980ల నుంచి చేసిన పరిశోధనలు ఈ మార్పిడిని స్పష్టం చేశాయి. తీవ్రమైన వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలో రక్తంలో లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మనల్ని మూలిగించే నొప్పి మాత్రం మర్నాడు మొదలై, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. గంటలో ఊరు విడిచి వెళ్ళినవాడిమీద మర్నాటి దొంగతనం మోపడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

మరి ఆ నొప్పికి కారణం ఏమిటి? 1902లోనే థియొడోర్ హఫ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు రెండు రకాల నొప్పులను వేరుచేసి చూపి, ఆలస్యంగా వచ్చే నొప్పికి కండరంలోని సూక్ష్మమైన చిరుగులు కారణమై ఉంటాయని ఊహించాడు. ఆ ఊహ చాలా వరకు నిలబడింది. కండరం సాగుతూనే బరువును ఆపవలసి వచ్చినప్పుడు దాని లోపలి పోగులు ఎక్కువగా దెబ్బతింటాయి. అలిపిరి మెట్లు ఎక్కడమే కాక నడిచే కిందికి దిగినవారికి ఇది అనుభవమే. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగిన మర్నాడు తొడల నొప్పి. దిగేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా తొడ ముందుభాగపు కండరం సాగుతూ ఒంటి బరువును ఆపుతుంది. అలా దెబ్బతిన్న చోట శరీరం మరమ్మతు మొదలుపెడుతుంది. అందులో భాగంగా కొంత వాపు వస్తుంది, అక్కడి నాడులు సున్నితమవుతాయి. నొప్పి అదే. సాధారణంగా నాలుగైదు రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. తరవాత అదే పని చేస్తే ముందంత నొప్పి రాదు.

లాక్టేట్‌ను మర్దన నిజంగా పంపించేస్తుందా అన్నది కూడా పరీక్షించి చూశారు. కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ముంజేతికి వ్యాయామం ఇచ్చి, ఆ తరవాత మర్దన చేయించి కొలిచారు. 2010లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం మర్దన రక్తప్రసరణను పెంచలేదు సరికదా, నొక్కిన ప్రతిసారీ రక్తనాళాలు అణగడంవల్ల తగ్గించింది. లాక్టేట్ బయటికి పోవడం కూడా మందగించింది. ఇక ‘విషపదార్థాల’ మాటకు వస్తే, వాటిని తొలగించే పని కాలేయానిదీ మూత్రపిండాలదీ. అవి పనిచేస్తుంటే మర్దన అవసరం లేదు, పనిచేయకపోతే మర్దన చాలదు.

అలాగని మర్దన కండరాన్ని అసలు తాకదనీ చెప్పలేం. కెనడాలోనే మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మార్క్ టార్నపోల్‌స్కీ బృందం 2012లో ఒక ఆసక్తికరమైన అధ్యయనాన్ని ప్రచురించింది. పదకొండుమంది యువకుల చేత అలసి ఆగిపోయేదాకా సైకిల్ తొక్కించారు. తరవాత ఒక తొడకు మాత్రం పది నిమిషాలు మర్దన చేసి, రెండో తొడను అలాగే వదిలేశారు. మర్దన అయిన వెంటనే ఒకసారి, రెండున్నర గంటల తరవాత మరొకసారి రెండు తొడలనుంచీ చిన్న కండరపు ముక్కలు తీసి పరీక్షించారు. మర్దన చేసిన తొడలో వాపును ప్రేరేపించే సంకేతాలు తగ్గాయి. కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాల పెంపుకు తోడ్పడే సంకేతాలు పెరిగాయి. లాక్టేట్‌లో మాత్రం ఏ తేడా లేదు. పదకొండుమందితో చేసిన పరీక్షే అయినా, చేతి ఒత్తిడిని కండరకణం గుర్తిస్తుందని అది చూపించింది.

పెద్ద సమీక్షల సంగతి చూద్దాం. 2018లో ఫ్రాన్సు పరిశోధకులు 99 అధ్యయనాలను కలిపి చూసి, వ్యాయామం తరవాతి నొప్పిని తగ్గించడంలో చన్నీటి స్నానం, బిగుతు దుస్తులు వంటి ఇతర పద్ధతులకంటే మర్దనే ముందుందని తేల్చారు. 2020లో ఇంగ్లండులోని షెఫీల్డ్ పరిశోధకులు 29 అధ్యయనాలను, మొత్తం 1012 మందిని పరిశీలించారు. మర్దనవల్ల బలం, దూకుడు, పరుగు వేగం, ఓర్పు పెరిగినట్టు ఆధారం కనిపించలేదు. కీళ్ళు వంగే గుణం కొద్దిగా మెరుగైంది, మర్నాటి నొప్పి కొద్దిగా తగ్గింది. ఆటగాడికి ఇందులో ఉన్న సమాచారం ఇంతే: మర్దన మిమ్మల్ని వేగంగా పరుగెత్తించదు, కానీ నిన్నటి పరుగు నొప్పిని కొంత తగ్గిస్తుంది. కండరం నిజంగా కోలుకోవడానికి కావలసినవి నిద్ర, తిండి, తేలికపాటి నడక, కొంత కాలం.

చేయి మాట్లాడేది నాడులతో

కండరంలో జరిగే మార్పు ఇంత చిన్నదైతే, మర్దన బల్లమీదనుంచి లేచేటప్పుడు కలిగే అంత హాయి ఎక్కడిది? నాడీమండలం నుంచి.

మోకాలు బల్లకు తగిలితే మనం ఆలోచించకుండానే ఆ చోటును రుద్దుకుంటాం. రుద్దితే నొప్పి తగ్గుతుంది కూడా. 1965లో రోనల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనికొక వివరణ ఇచ్చారు. స్పర్శనూ ఒత్తిడినీ మోసే నాడులు లావైనవి, నొప్పిని మోసేవి సన్ననివి. రెండూ వెన్నుపాము దగ్గర కలుస్తాయి. అక్కడ ఒక తలుపు లాంటి ఏర్పాటు ఉంది. స్పర్శ సంకేతాలు ఎక్కువగా వచ్చినప్పుడు ఆ తలుపు నొప్పి సంకేతాలకు కొంత మూసుకుంటుంది. వివరాల్లో తరవాత మార్పులు వచ్చినా, ఈ మూలభావన నేటికీ నిలిచింది.

రెండో మార్గం ఇంకా సున్నితమైనది. వెంట్రుకలుండే చర్మంలో కొన్ని సన్నని నాడీతంతువులున్నాయి. సి-టాక్టైల్ తంతువులు అని వాటి పేరు. గుచ్చితే, గట్టిగా నొక్కితే అవి అంతగా పలకవు. సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో, చర్మమంత వెచ్చదనంతో, మెత్తగా నిమిరినప్పుడు ఎక్కువగా పలుకుతాయి. పిల్లవాణ్ణి నిద్రపుచ్చుతూ తల్లి చేయి కదిలే వేగం అదే. 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు హోకన్ ఉలాసన్ బృందం ఒక మహిళ గురించి రాసింది. వ్యాధివల్ల ఆమెకు స్పర్శను మోసే లావైన నాడులన్నీ పోయాయి. మామూలు స్పర్శ తెలియదు. కానీ ముంజేతిమీద మెత్తని కుంచెతో నెమ్మదిగా నిమిరితే, ఏదో మసకగా హాయిగా ఉందని చెప్పింది. ఆ సమయంలో ఆమె మెదడులో స్పర్శను లెక్కగట్టే భాగం మేలుకోలేదు, భావాలతో సంబంధమున్న ఇన్సులా అనే భాగం మేలుకుంది. అంటే ఎక్కడ ముట్టుకున్నారో తెలిపే దారి వేరు, ఆ ముట్టుకోవడంలోని ఆప్యాయతను చేరవేసే దారి వేరు.

మర్దన ఒత్తిడి హార్మోను కార్టిసాల్‌ను బాగా దించేస్తుందని ప్రకటనలు చెబుతుంటాయి. 2011లో వచ్చిన సమీక్ష ఆ తగ్గుదల చాలా స్వల్పమని తేల్చింది. అయినా ఆందోళన తగ్గడం మాత్రం నిజమే. 2004లో 37 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, కొన్ని వారాలపాటు మర్దన చేయించుకున్నవారిలో ఆందోళన, కుంగుబాటు తగ్గిన మోతాదు మానసిక చికిత్సతో వచ్చే మార్పుకు దగ్గరగా కనిపించింది. ఇందులో ఎంత భాగం చేతిదో, ఎంత భాగం ఒక గంటసేపు ఫోను లేకుండా, ఒక మనిషి పూర్తి శ్రద్ధలో నిశ్శబ్దంగా పడుకోవడానిదో విడదీయడం కష్టం.

నెలలు నిండని పిల్లల విషయంలో ఈ దారి ప్రభావం మరింత స్పష్టంగా కనిపించింది. 1986లో టిఫనీ ఫీల్డ్ బృందం అలాంటి పసికందులకు రోజుకు మూడుసార్లు, పదిహేనేసి నిమిషాల చొప్పున, పది రోజులపాటు నిమరడం, కాళ్ళూ చేతులూ కదిలించడం చేయించింది. మిగతా పిల్లలకంటే వారు రోజుకు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. అంతకుముందు అంత చిన్న పిల్లలను వీలైనంత తక్కువగా ముట్టుకోవాలని భావించేవారు. పసిబిడ్డకు నూనె రాసి లాలపోసిన మన పెద్దవాళ్ళకు ఈ గణాంకాలు తెలియవు, కానీ వారి చేతులు సరైన పనే చేస్తూ వచ్చాయి.

పేర్లు వేరైతే ఫలితం వేరా?

మళ్ళీ మొదటి ప్రశ్నకు వద్దాం: ఏ మసాజ్ మంచిది?

డీప్ టిష్యూ పద్ధతిలో మోచేతితో, బొటనవేలి కణుపుతో లోతుగా నొక్కుతారు. ట్రిగ్గర్ పాయింట్ పద్ధతిలో నొక్కితే వేరే చోటికి నొప్పి పాకే బిగుసుకున్న బిందువులను వెతికి, వాటిమీద కొంతసేపు ఒత్తిడి నిలుపుతారు. దీన్ని ప్రచారంలోకి తెచ్చినది జానెట్ ట్రావెల్ అనే వైద్యురాలు. అధ్యక్షుడు కెనడీ నడుమునొప్పికి చికిత్స చేసి, ఆయనకు వ్యక్తిగత వైద్యురాలైంది. థాయ్ పద్ధతిలో నూనె ఉండదు. బట్టలతోనే పడుకోబెట్టి, నొక్కుతూ, ఒంటిని యోగాసనాల మాదిరిగా వంచుతారు. యునెస్కో 2019లో దాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇన్ని పేర్లలో ఎంత తేడా ఉందో తూచి చూసిన ముఖ్యమైన అధ్యయనం 2011లో సియాటిల్ నుంచి వచ్చింది. దీర్ఘకాలపు నడుమునొప్పి ఉన్న 401 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు నడుములోని ఫలానా కణజాలాన్ని గురిచూసి చేసే ప్రత్యేక మర్దన, రెండో గుంపుకు ఒళ్ళంతా హాయిగా ఉండే సాధారణ మర్దన, వారానికి ఒక గంట చొప్పున పది వారాలు. మూడో గుంపుకు మామూలు వైద్యమే. పది వారాల తరవాత నొప్పి బాగా తగ్గిందనో పూర్తిగా పోయిందనో చెప్పినవారు మర్దన గుంపులు రెండింటిలోనూ ముగ్గురిలో ఒకరు, మామూలు వైద్యపు గుంపులో పాతికమందిలో ఒకరు. రెండు మర్దనల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆరు నెలలకు మేలు కొంత తగ్గినా, పూర్తిగా పోలేదు.

‘ముడులు విప్పడం’ గురించి కూడా ఒక మాట. తొడ పక్కనా, అరికాలిలోనూ ఉండే గట్టి పొరలను నిజంగా సాగదీయాలంటే ఎంత బలం కావాలో 2008లో కొందరు పరిశోధకులు గణితనమూనాతో లెక్క వేశారు. ఒక్క శాతం మార్పు తేవడానికే మనిషి చేతికి సాధ్యం కానంత బలం అవసరమని తేలింది. థెరపిస్టు చేతికింద ఏదో వదులైనట్టు అనిపించడం అబద్ధం కాదు. వదులైంది పొర కాదు, నాడుల ఆజ్ఞతో బిగుసుకుని ఉన్న కండరం. ఆజ్ఞ సడలింది, బిగువు తగ్గింది.

కనుక నా సలహా సులభమైనది. మీకు హాయినిచ్చే పద్ధతినే ఎంచుకోండి. లైసెన్సు ఉన్నవారి దగ్గరికే వెళ్ళండి. నొప్పి పుట్టకపోతే పని జరగలేదనుకోవద్దు. పళ్ళు బిగించి భరించవలసినంత ఒత్తిడికి నాడులు ప్రమాదమనే అర్థం చెప్పుకుంటాయి, కండరం ఇంకా బిగుసుకుంటుంది. “కాస్త మెల్లగా” అనడానికి మొహమాటపడకండి. ఎక్కువ ఖరీదు పెట్టి చేయించుకున్నదానికీ, ఇంట్లో మనవాళ్ళు నెమ్మదిగా నడుము నిమిరినదానికీ మధ్య మీరు అనుకున్నంత దూరం లేదు.

చేయి పెట్టకూడని చోట్లు

ఇదంతా చదివి, హాని లేని పని కదా అనుకోవద్దు. గట్టి ఒత్తిడి ప్రమాదమయ్యే సందర్భాలున్నాయి. ప్రవాసంలో ఉన్న మనకు వాటిలో మొదటిది విమానప్రయాణం తరవాతి కాలినొప్పి.

గంటల తరబడి కదలకుండా కూర్చుంటే పిక్క కండరాలు పనిచేయవు. గుండెవైపు రక్తాన్ని ఎక్కించేది ఆ కండరాల కదలికే. అది ఆగినప్పుడు కాలి లోతు సిరల్లో రక్తం నిలిచి, కొందరిలో గడ్డకడుతుంది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం నాలుగు గంటలు మించిన ప్రయాణంతో ఈ ముప్పు సుమారు రెండింతలవుతుంది. ఆరోగ్యవంతుల్లో అది దాదాపు ఆరువేల మందిలో ఒకరికే. కానీ ప్రయాణకాలం పెరిగేకొద్దీ, వెంటవెంటనే విమానాలు మారేకొద్దీ ముప్పు పెరుగుతుంది. స్థూలకాయులకు, గర్భనిరోధక మాత్రలు వాడేవారికి ఎక్కువ. మరీ పొడవైనవారికీ, 160 సెంటీమీటర్లకంటే పొట్టివారికీ కూడా ఎక్కువ. పొట్టివారి పాదాలు నేలకు సరిగా ఆనకపోతే, సీటు అంచు మోకాలి వెనక ఒత్తుకుంటుంది. మన అమ్మల్లో, అత్తల్లో ఎంతోమంది ఎత్తు 160 సెంటీమీటర్ల లోపే.

సిరలో కట్టిన గడ్డ గోడకు అంటుకుని ఉన్నంతసేపు కాలినొప్పి, వాపు. అది ఊడి ప్రవాహంలో పడితే గుండె మీదుగా ఊపిరితిత్తులకు చేరి, అక్కడి రక్తమార్గాన్ని మూసేయగలదు. పిక్కను గట్టిగా పిసకడం దాన్ని ఊడదీయడానికి చాలవచ్చు. 2017లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ప్రచురించిన ఒక కేసు అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఇరవై మూడేళ్ళ యువకుడు ఆటలో చీలమండకు దెబ్బ తగిలి, కాలికి కొన్ని వారాలు ప్లాస్టరు కట్టుతో ఉన్నాడు. కట్టు విప్పాక కూడా నొప్పి, వాపు తగ్గలేదు. తల్లి నూనె రాసి మర్దన చేసింది. గడ్డ కదిలి ఊపిరితిత్తుల ధమనిలో చిక్కుకుంది. అతను బతకలేదు. ఆ తల్లి చేసినది మనలో ఏ తల్లి అయినా చేసేదే.

అందువల్ల దూరప్రయాణం, శస్త్రచికిత్స, ప్లాస్టరు కట్టు, చాలాకాలం మంచంపట్టడం, వీటి తరవాత కొన్ని వారాలలోపు ఒక్క కాలు మాత్రమే వాచినా, వెచ్చబడినా, ఎర్రబడినా, పిక్కలో నొప్పి వచ్చినా మర్దన చేయకండి. అదే రోజు వైద్యుడికి చూపించండి. దానికి ఆయాసం గానీ, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీనొప్పి గానీ తోడైతే అంబులెన్సు పిలవండి.

రెండోది మెడ. క్షౌరం అయ్యాక తలను రెండు చేతులతో పట్టుకుని, అటొకసారి ఇటొకసారి టక్కుమనిపించడం మన ఊళ్ళలో చాలామందికి ఇష్టం. మెదడుకు రక్తాన్ని తీసుకెళ్ళే నాలుగు ధమనులు ఆ మెడలోంచే వెళతాయి. హఠాత్తుగా మెలితిప్పినప్పుడు అరుదుగా ధమని లోపలి పొర చిరిగి, అక్కడ గడ్డకట్టి పక్షవాతానికి దారితీయవచ్చు. తలకడిగే బేసిన్‌మీద మెడను ఎక్కువసేపు వెనక్కి వాల్చి ఉంచడంవల్ల కూడా ఇలా జరిగిన ఐదు కేసులను 1993లో ఒక అమెరికన్ నాడీవైద్యుడు నివేదించాడు. 2022లో హైదరాబాదులో యాభై ఏళ్ళ మహిళకు ఇలాగే జరిగింది. మెడను నిమరండి, మెల్లగా పిసకండి, విరవనివ్వకండి.

మరికొన్ని: రక్తం పలచబడే మందులు వాడేవారికి గట్టి ఒత్తిడివల్ల లోపల నెత్తురు చిమ్మవచ్చు. ఎముకలు గుల్లబారినవారి పక్కటెముకలు, వెన్ను బలమైన నొక్కుళ్ళకు తట్టుకోకపోవచ్చు. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారికి ఒత్తిడి ఎక్కువైనా, నూనె మరీ వేడిగా ఉన్నా తెలియదు. అలవాటులేని తీవ్రవ్యాయామం తరవాత కండరాలు బాగా వాచి, మూత్రం కాఫీరంగులో వస్తే అది మర్దనతో పోయే నొప్పి కాదు. కండరం విచ్ఛిన్నమై మూత్రపిండాలకు ప్రమాదం తెస్తోందని దాని అర్థం. జ్వరంతో, బరువు తగ్గడంతో, కాళ్ళ తిమ్మిరితో లేదా బలహీనతతో వచ్చే నడుమునొప్పికి కూడా ముందు వైద్యుడు, తరవాతే మర్దన.

నూనెగిన్నె

ఆ శనివారం మధ్యాహ్నం అల్ట్రాసౌండ్‌లో ఆమె ఎడమకాలి లోతు సిరలో, మోకాలి వెనకనుంచి తొడలోకి పాకిన రక్తపు గడ్డ కనిపించింది. ఆమె ఎత్తు అయిదడుగులు. విమానంలో మధ్య సీటు. పక్కవాళ్ళను లేపడం మొహమాటమై, ఒక్కసారే లేచిందట. మాటిమాటికీ లేవాల్సి వస్తుందని మంచినీళ్ళు కూడా సరిగా తాగలేదట. రక్తం గడ్డకట్టకుండా ఆపే మాత్రలు వెంటనే మొదలుపెట్టారు.

సాయంత్రం ఆ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది. నూనె వెచ్చచేసి, గిన్నె పట్టుకుని మెట్లెక్కుతూ ఉండగా నాకు ఫోన్ చెయ్యాలని తోచిందట. “అమ్మ భయపడుతోంది అంకుల్. నేనేం చెయ్యగలను?” అంది. కాలు వదిలేసి, పక్కన కూర్చుని ముంజేతిమీద నెమ్మదిగా నిమరమన్నాను. ఎంత నెమ్మదిగా అని అడిగితే, నువ్వు చిన్నప్పుడు మీ అమ్మ నిన్ను నిద్రపుచ్చినంత నెమ్మదిగా అన్నాను. ఆ రాత్రి అలాగే ఆమె నిద్రపోయిందని తరవాత తెలిసింది.

మందులు ఆరు నెలలు వాడారు. వాపు పూర్తిగా తీసింది. తిరుగుప్రయాణానికి నడవా పక్క సీటు తీసుకున్నారు. గంటకోసారి లేచి నడవమని, కూర్చున్నప్పుడు మడమలు ఎత్తుతూ దించుతూ ఉండమని, మోకాళ్ళ కిందిదాకా బిగుతు మేజోళ్ళు వేసుకోమని రాసిచ్చాను. ప్రయాణానికి ముందు వాళ్ళింట్లో భోజనానికి వెళ్ళినప్పుడు ఆమె వడ్డిస్తూ అడిగింది.

“అన్నయ్యగారూ, ఇప్పుడైనా తలంటు పోసుకోవచ్చా?”

“తలకి నేనెప్పుడూ వద్దనలేదమ్మా,” అన్నాను. “కాలికే వద్దన్నాను.”